వైఫై ఆగిందా? ముందు పెట్టె మీద లైట్లు చూడండి

ధాన్యం అమ్ముకోవడానికి కూడా ఇప్పుడు ఫోను కావలసి వస్తోంది. వాట్సాప్‌లో 'హాయ్' అని పంపి ధాన్యం కొనుగోలుకు స్లాటు తీసుకునే పద్ధతిని పౌరసరఫరాల శాఖ 2024 నవంబరులో తెచ్చింది. పి.ఎం. కిసాన్ డబ్బు పడాలంటే ఇ-కెవైసి చేయించాలి. పంట నమోదులో మన సర్వే నంబరు ఎక్కిందో లేదో చూసుకోవాలన్నా ఫోనే. సార్వా కోతల వేళ ధాన్యం కళ్లంలో ఉంటుంది. పైన మబ్బు పడుతుంది. సరిగ్గా ఆ రోజే ఇంట్లో నెట్టు ఆగిపోతుంది. కేబుల్ ఆపరేటరుకు ఫోను చేస్తే 'రేపు వస్తాను' అంటాడు. ఆ రేపు మూడు రోజులవుతుంది.

నిజానికి ఇలా ఆగిన వాటిలో చాలా వరకు ఇంట్లో మనమే సరిచేసుకోగలిగినవి. మిగిలినవి మన చేతిలో లేనివి. ఏది మనది, ఏది ఆపరేటరుది అని తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, చదువూ పెద్దగా అక్కర్లేదు.

నెట్టు ఇంటికి ఎలా వస్తుంది?

మన డెల్టాకు ఫైబర్ కొత్తేమీ కాదు. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఇంటింటికీ ఫైబర్ వైరు ఇచ్చారు. మరుసటి ఏడాది, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు మూడూ ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. రోడ్లు తవ్వే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఆ వైరు లాగారు. బి.ఎస్.ఎన్.ఎల్.తో పాటు ప్రైవేటు కంపెనీలు కూడా పల్లెల్లోకి ఫైబర్ తెచ్చాయి. కంపెనీ ఏదైనా ఇంట్లో పెట్టే పెట్టె, దాని మీద లైట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి.

ధవళేశ్వరం నుంచి మీ చేనుకు నీరు వచ్చే దారి మీకు తెలిసిందే. ప్రధాన కాలువ, దాని నుంచి చీలిన కాలువ, తూము, పంట బోదె, ఆ తర్వాత మడి. నెట్టు కూడా అచ్చం అలాగే వస్తుంది. ఆపరేటరు గదిలో ఉన్న యంత్రం నుంచి ఒక వైరు ఊళ్లోకి వస్తుంది. స్తంభం మీద చిన్న నల్ల పెట్టెలో ఆ వైరు ఎనిమిదిగానో పదహారుగానో చీలుతుంది. అది తూము అనుకోండి. అక్కడి నుంచి ఒక్కో సన్న వైరు ఒక్కో ఇంటికి. అదే మన బోదె. ఇంట్లోని వైఫై బాక్సు దాకా వచ్చేది వైరు మీద. బాక్సు నుంచి ఫోనుకు వచ్చేది గాలిలో.

మడికి నీరు రాకపోతే మనం ఏం చేస్తాం? ముందు మడి గట్టు దగ్గర చూస్తాం, ఆ తర్వాత బోదె వెంట నడిచి తూము దాకా వెళతాం. తూములోనే నీరు లేకపోతే మన గట్టు ఎంత తవ్వినా లాభం లేదని తెలుసుకుని లస్కరును అడుగుతాం. నెట్టుకు కూడా ఇదే వరస. తేడా ఒక్కటే. ఇక్కడ బోదె వెంట నడవక్కర్లేదు, బాక్సు మీది లైట్లే చెబుతాయి.

లైట్లు చెప్పే మాట

బాక్సు ముందు వైపు నాలుగైదు చిన్న లైట్లు, వాటి కింద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నెట్టు బాగా వస్తున్న రోజున ఏ లైటు ఏ రంగులో ఉందో ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆగిన రోజున ఆ ఫొటో పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఈ ఒక్క పని చేసుకుంటే సగం చిక్కు తీరినట్టే.

మొదటిది పవర్ లైటు. ఇది ఆరిపోయి ఉంటే బాక్సుకు కరెంటు అందడం లేదు.

రెండోది పి.ఓ.ఎన్. అని మూడక్షరాలు రాసి ఉండే లైటు. 'పాన్' అంటారు. ఇది పచ్చగా, కదలకుండా వెలుగుతుంటే ఆపరేటరు గది నుంచి మన ఇంటి దాకా వైరు బాగున్నట్టు. ఆగకుండా మినుకుమినుకుమంటుంటే అటువైపు యంత్రంతో మాట కలవడం లేదన్నమాట.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దాని కింద ఎల్.ఓ.ఎస్. అని ఉంటుంది. మామూలు రోజుల్లో ఇది వెలగదు. ఎర్రగా వెలిగినా, ఎర్రగా కొట్టుకుంటున్నా వైరులో వెలుగు రావడం లేదని అర్థం. అంటే బోదెలో నీరు లేదు. ఫోనులో ఎన్ని నొక్కినా, పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

ఇంటర్నెట్ అని ఒకటి, వైఫై లేదా డబ్ల్యు.ఎల్.ఎ.ఎన్. అని ఒకటి కూడా ఉంటాయి. వైఫై లైటు వెలిగితే బాక్సు నుంచి ఫోనుకు గాలి దారి తెరిచి ఉన్నట్టే. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫోను మీద వైఫై గుర్తు కనబడుతోంది కదా, మరి నెట్టు ఎందుకు రాదని ఆపరేటరుతో గొడవ పడతారు. ఆ గుర్తు చెప్పేది ఫోనుకు, బాక్సుకు మధ్య సంబంధం ఒక్కటే. బాక్సులోకి నెట్టు వస్తోందో లేదో ఆ గుర్తుకు తెలియదు.

కరెంటు సంగతి

పవర్ లైటు ఆరిపోతే బాక్సు పోయిందని కంగారుపడి కొత్తది కొనవద్దు. ముందు అదే ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి. చార్జరు పనిచేస్తే ప్లగ్గు బాగున్నట్టే. తర్వాత బాక్సు వెనక ఉన్న గుండ్రటి పిన్నును గట్టిగా లోపలికి నెట్టండి. పిల్లలు తగిలినా, చీపురు తగిలినా అది వదులవుతుంది. అప్పటికీ వెలగకపోతే ఎడాప్టరు, అంటే ప్లగ్గులో పెట్టే నల్ల దిమ్మ, పోయి ఉండవచ్చు. పోయేది చాలాసార్లు అదే. రాత్రంతా ఓల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉండే ఊళ్లలో అది ఎక్కువ కాలం ఉండదు.

ఇంట్లో టీవీ సెట్‌టాప్ బాక్సుకు కూడా అలాంటి దిమ్మే ఉంటుంది. దానిని తీసి దీనికి పెట్టే ముందు రెండింటి మీద రాసినవి చూడాలి. ఓల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి. చాలా వైఫై బాక్సులకు 12 ఓల్టులు కావాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. తక్కువ ఉంటే బాక్సు వెలుగుతుంది గాని పది నిమిషాలకోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇలా తనంతట తానే ఆగి వెలుగుతున్న బాక్సు మీ ఇంట్లో ఉంటే ముందు ఎడాప్టరునే అనుమానించండి.

కరెంటు పోయిన ప్రతిసారీ నెట్టు పోవడం ఇష్టం లేనివారికి 12 ఓల్టుల చిన్న యు.పి.ఎస్. దొరుకుతుంది. అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. దానితో రెండు మూడు గంటలు నడుస్తుంది. కాకపోతే ఆపరేటరు గదిలో కూడా కరెంటు పోయి, అక్కడ బ్యాటరీ లేకపోతే మన యు.పి.ఎస్. వల్ల ఉపయోగం లేదు. కొనే ముందు ఆ మాట ఆపరేటరునే అడగండి.

ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు

బాక్సు కూడా చిన్న కంప్యూటరే. రోజుల తరబడి నడిచి ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ప్లగ్గు దగ్గర స్విచ్చి ఆపి, నిమిషం ఆగి, మళ్లీ వేయండి. లైట్లన్నీ కుదురుకోవడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోపల కంగారుపడి మళ్లీ ఆపకూడదు. ఒకసారి ఇలా చేసి చూడటం మంచిది. నాలుగైదుసార్లు చేసినా కొత్తగా వచ్చేదేమీ లేదు.

ఇక బాక్సు వెనక సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పక్కన 'రీసెట్' అని రాసి ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లవద్దు. సూదో పిన్నీసో పెట్టి పది సెకన్లు నొక్కితే ఆపరేటరు బాక్సులో పెట్టి వెళ్లిన వివరాలు చాలా బాక్సుల్లో చెరిగిపోతాయి. మీ పేరున ఉన్న యూజర్ ఐడి, పాస్‌వర్డు, లైను వివరాలు అందులోనే ఉంటాయి. అప్పుడు అరగంటలో తనంతట తాను వచ్చే నెట్టు కూడా ఆపరేటరు వచ్చి మళ్లీ పెట్టేదాకా రాదు. సెల్ ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు కూడా కొందరు తెలియక ఈ పని చేస్తుంటారు. పక్కింటి కుర్రాడు సాయానికి వస్తే ముందే ఈ మాట చెప్పండి.

ఎర్ర లైటు వెలిగితే

బాక్సులోకి వచ్చే సన్న వైరును చూడండి. దాని చివర పచ్చ రంగో నీలం రంగో ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటుంది. ఈ వైరు లోపల ఉన్నది రాగి కాదు, గాజు. మన తలవెంట్రుకంత సన్నటి గాజు పోగులో వెలుగు పరుగెడుతూ ఉంటుంది. రాగి తీగను మడిచినట్టు దీనిని మడిస్తే లోపల పోగు విరుగుతుంది. విరగకపోయినా, మడత దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. గట్టు గండి పడినట్టే. కాబట్టి మిగిలిన వైరును తాడులా బిగించి మేకుకు కట్టకూడదు. మంచినీళ్ల గ్లాసు నోటికంటే పెద్ద చుట్టగా, వదులుగా ఉంచాలి. బీరువా వెనక నలిగిందేమో, తలుపు సందులో పడిందేమో, ఎలుక కొరికిందేమో చూడండి. మడత కనబడితే మెల్లగా విప్పి రెండు నిమిషాలు ఆగండి. ఎర్ర లైటు ఆరిపోతే సరి.

ప్లగ్గు ఊడదీసి నోటితో ఊదడం, గుడ్డతో తుడవడం వద్దు. కంటికి కనిపించని దుమ్ము చాలు, వెలుగు ఆగిపోవడానికి. ఊడిన వైరు కొసను గాని, బాక్సు రంధ్రాన్ని గాని కంటికి దగ్గర పెట్టుకుని చూడవద్దు. అందులో వచ్చే లేజరు వెలుగు కంటికి కనిపించదు. కనిపించనంత మాత్రాన కంటికి మంచిది కాదు. పిల్లలను ముఖ్యంగా దూరంగా ఉంచాలి.

ఇంట్లో అంతా బాగుంటే తేడా బయట ఉంది. డెల్టాలో వైర్లు తెగడానికి కారణాలు మీకు చెప్పాలా? కోనసీమలో కొబ్బరి మట్ట పడితే చాలు. గడ్డి ఎత్తుగా పేర్చుకుని ట్రాక్టరు వీధిలోకి వస్తే అడ్డంగా ఉన్న వైరును లాక్కుపోతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో పూడిక తీసే జేసీబీ గట్టు పక్కన పాతిన వైరును తెంపుతుంది. పక్కింట్లో అదే ఆపరేటరు నెట్టు ఉంటే వారికి వస్తోందో లేదో అడగండి. వారికీ లేకపోతే తూము దగ్గరో, పైనో తేడా. వారికి ఉండి మీకు లేకపోతే స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే వైరులో తేడా. ఈ ఒక్క మాట ఫోనులో చెబితే ఆపరేటరు మనిషి సరైన సామాను తీసుకుని నేరుగా అక్కడికే వస్తాడు.

తెగిన వైరును ముట్టుకోకండి

ఇది ప్రాణంతో పని. ఫైబర్‌లో కరెంటు ఉండదు కదా అని తెగి వేలాడే వైరును చేత్తో తీసి పక్కకు కట్టేవాళ్లున్నారు. గాజు పోగులో కరెంటు ఉండదు, నిజమే. కాని చాలా వైర్లకు బలం కోసం పక్కన ఇనుప తీగ ఉంటుంది. ఆ వైరు నడిచేది కరెంటు స్తంభాల మీద. పైన తెగిన కరెంటు తీగ దాని మీద పడి ఉంటే ఇనుప తీగ గుండా కరెంటు కిందికి వస్తుంది. తడి నేల మీద, చెప్పులు లేకుండా పట్టుకుంటే మనిషి మిగలడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు, స్తంభాలు కూలి తీగలన్నీ కలగాపులగంగా పడ్డాయి. అలాంటి వేళ ఏది ఏ తీగో కరెంటు వాళ్లు మాత్రమే చెప్పగలరు. 1912కు ఫోను చేయండి, లైన్‌మాన్‌కు చెప్పండి. పశువులను, పిల్లలను అటు పోనివ్వవద్దు.

ఉరుములు మొదలైతే బాక్సు ప్లగ్గు ఊడదీసి పక్కన పెట్టడం మంచిది. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. పిడుగు దెబ్బ కరెంటు లైను గుండా వచ్చి ఎడాప్టరును, బాక్సును కలిపి కాల్చేస్తుంది.

అన్ని లైట్లూ బాగున్నా రాకపోతే

ముందు రీచార్జి తేదీ చూడండి. గడువు అయిపోతే బాక్సు లైట్లు బాగానే ఉంటాయి, నెట్టు మాత్రం రాదు. కొన్ని పథకాల్లో నెలకు ఇంత డేటా అని ఉంటుంది. అది దాటాక ఆగదు గాని నత్తనడక నడుస్తుంది. నెలాఖరులోనే నెమ్మదిస్తోందంటే కారణం ఇదే కావచ్చు.

తర్వాత ఇంట్లో రెండో ఫోనుతో చూడండి. దానిలో వచ్చి మీ ఫోనులో రాకపోతే బాక్సు తప్పు లేదు. ఫోను ఆపి మళ్లీ వేయండి. అప్పటికీ రాకపోతే వైఫై పేరు మీద నొక్కి 'ఫర్‌గెట్' చేసి, పాస్‌వర్డు మళ్లీ కొట్టండి. పాస్‌వర్డు తెలియకుండా ఫర్‌గెట్ నొక్కవద్దు. చాలా బాక్సుల కింద చీటీ మీద అది రాసి ఉంటుంది. ఆపరేటరు మార్చి ఉంటే ఆయననే అడగాలి.

ఇంకొక సంగతి. యూట్యూబు వస్తోంది, వాట్సాప్ వస్తోంది, ఒక్క ప్రభుత్వ వెబ్‌సైటు మాత్రం తెరుచుకోవడం లేదంటే అది మీ బాక్సు తప్పూ కాదు, ఆపరేటరు తప్పూ కాదు. ఆఖరి తేదీ దగ్గర పడితే అందరూ ఒకేసారి దాని మీద పడతారు. తెల్లవారుజామునో, రాత్రి పది తర్వాతో ప్రయత్నిస్తే తెరుచుకోవచ్చు.

వీధి గదిలో బాగా వచ్చి వంటింట్లో రాకపోతే అది నెట్టు ఆగడం కాదు, గాలి అందకపోవడం. మన పాత మండువా ఇళ్ల గోడలు మందం. బాక్సును టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో పెడితే ఇంకా తగ్గుతుంది. నలుగురు తిరిగే చోట, ఛాతీ ఎత్తున, నీళ్లు పడని గోడకు పెట్టించుకోండి. ఫోనులో మీ వైఫై పేరు రెండుసార్లు కనబడి, ఒకదాని చివర 5జి అని ఉంటే అది సెల్ టవరు 5జి కాదు. దగ్గరలో వేగంగా వస్తుంది, గోడలు దాటలేదు. దూరంగా ఉన్నప్పుడు 5జి లేని పేరునే ఎంచుకోండి.

చెరువులున్నవారికి

భీమవరం వైపు చెరువుల దగ్గర కెమెరాలు, ఏరేటర్లు ఆగితే ఫోనుకు కబురు పంపే పరికరాలు చాలామంది పెట్టించుకుంటున్నారు. చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తగ్గేది తెల్లవారకముందు. కరెంటు పోతే ఏరేటర్లూ ఆగుతాయి, వైఫై బాక్సూ ఆగుతుంది. అంటే కబురు రావలసిన వేళకే కబురు రాదు. వైఫై మీద నడిచే పరికరం ఒక్కదాన్ని నమ్ముకుని నిద్రపోవడం మంచిది కాదు. సొంత సిమ్ కార్డు, బ్యాటరీ ఉండి నేరుగా ఫోను చేసే పరికరం ఉండాలి. అది కూడా వారానికోసారి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. చెరువు మీద మనిషి కాపలా మాత్రం మానకూడదు.

ఫిర్యాదు ఎలా చేయాలి?

'నెట్టు రావడం లేదండి' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది, ఇంట్లో వైరు బాగుంది, పక్కింట్లో వస్తోంది' అనండి. ఆపరేటరుకు చెప్పడంతో ఊరుకోక కంపెనీ ఫిర్యాదు నంబరుకు కూడా ఫోను చేసి, వాళ్లిచ్చే డాకెట్ నంబరు రాసుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే కాదు. గడువులోగా బాగుచేయకపోతే, చెప్పిన సమాధానం తృప్తిగా లేకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకునే హక్కు 2012 ట్రాయ్ నిబంధనల్లో ఉంది. దానికి రుసుము లేదు. మీ కనెక్షన్ నంబరు, కంపెనీ ఫిర్యాదు నంబరు ఒక కాగితం మీద రాసి బాక్సు పక్కన గోడకు అంటించండి. నెట్టు లేనప్పుడు వెతుక్కోవడానికి నెట్టు ఉండదు కదా.

నెట్టు ఆగిన రోజుల్లోనే మోసగాళ్లకు కూడా పంట. 'కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ లైను సరిచేస్తాం, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి' అంటారు. వైరు బాగుచేయడానికి ఓటీపీ అవసరం లేదు. మీ ఫోనులో వాళ్లు చెప్పిన యాప్ ఏదీ వేసుకోనక్కర్లేదు. పొరపాటున చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపించే వీలు అంత ఎక్కువ.

లైను బాగయ్యేదాకా స్లాటు పని ఆపుకోనక్కర్లేదు. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటా వేస్తే వాట్సాప్ పనిచేస్తుంది. ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా కావాలంటే సెట్టింగుల్లో హాట్‌స్పాట్ వేసి ఇవ్వవచ్చు. టవరు సరిగా అందకపోతే డాబా ఎక్కి చూడండి. పని కాగానే హాట్‌స్పాట్ ఆపేయండి. పిల్లలు వీడియోలు పెడితే రోజు డేటా గంటలో అయిపోతుంది.